జూలైలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వస్తున్నాను: ఆరోగ్యం, లెక్కలు రెండూ చదవగలనా?

సోంపేట అమ్మాయి:
అందరికీ నమస్కారం. ఇంటర్ ఎంపీసీ. హెల్త్ సైన్సెస్ ఒక డిగ్రీగా, మ్యాథ్స్–కంప్యూటర్ సైన్స్ మరో డిగ్రీగా కలిపి చదివే డబుల్ డిగ్రీలో సీటు వచ్చింది. జీవశాస్త్రం పదో తరగతితోనే ఆగిపోయింది. రెండు పడవల మీద కాళ్లు పెడుతున్నావని నాన్న దిగులు పడుతున్నారు. మీరేమంటారు?

బొబ్బిలి బాబాయి, అడిలైడ్‌లో పదకొండేళ్లుగా:
అమ్మా, ముందు ఒక సంగతి. హెల్త్ సైన్సెస్ చదివితే డాక్టరూ కారు, నర్సూ కారు. చుట్టాలు ‘డాక్టరమ్మ’ అని పిలవడం మొదలుపెట్టకముందే ఇంట్లో చెప్పేయి. ప్రజారోగ్యం, పరిశోధన, ఆసుపత్రుల డేటా, ఇదీ దారి.

విడివిడిగా మూడేసి ఏళ్ల డిగ్రీలు, కలిపితే నాలుగేళ్లు. జీవశాస్త్రం గురించి అంత భయం వద్దు, కూర్చుని చదివితే వస్తుంది. వ్యాసాలు రాయడమే కొత్తగా ఉంటుంది. చిక్కంతా లెక్కలతోనే. అవి నిచ్చెన మెట్లు. కాల్‌క్యులస్ గట్టెక్కితేనే ప్రాబబిలిటీ, అది దాటితేనే పై స్టాటిస్టిక్స్. పైగా ప్రతి సబ్జెక్టూ ప్రతి సెమిస్టరులో ఉండదు. ఒక మెట్టు జారితే ఏడాది పోతుంది. కాబట్టి జూలైలో లెక్కల సబ్జెక్టులకే ముందు చోటు పెట్టు, మిగిలిన ఖాళీల్లో హెల్త్ సబ్జెక్టులు సర్దుకో.

సెన్సస్ డేట్ అని ఒకటుంటుంది. ఆ తేదీలోపు వదులుకున్న సబ్జెక్టుకు ఫీజు పడదు. మా రోజుల్లో నేను ఆ తేదీ పట్టించుకోక, తప్పుతానని తెలిసిన సబ్జెక్టుకు పూర్తి ఫీజు కట్టాను. అయితే వీసా మీద వచ్చినవాళ్లు విశ్వవిద్యాలయంలో అడగకుండా సబ్జెక్టులు తగ్గించుకోకూడదు. పని సంగతంటావా, చదువు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే. మొదటి సెమిస్టరులో అందులో సగం కూడా చేయకు.

పలాస అక్క, ఇదే కోర్సు మూడో ఏడు, ఇప్పుడు సెలవులకు ఇంట్లో:
బాబాయిగారు భయపెట్టారు, నేను ఆశ పెడతాను. కిడ్నీ జబ్బుల ఉద్దానం పిల్లవి, క్రియాటినిన్ అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? మన ఊళ్లలో బడి పిల్లలకు కూడా ఆ మాట తెలుసు: కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో అది పెరిగితే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదన్నమాట.

మొదటి ఏడు పైథాన్ అనే కంప్యూటర్ భాష అసైన్‌మెంటుకు, రక్తపరీక్ష అంకెతో కిడ్నీ పనితీరు లెక్కగట్టే ప్రోగ్రాం రాశాను. 2021లో వచ్చిన సీకేడీ–ఈపీఐ సూత్రం అది. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్న వివరం ఇస్తే చాలు. 65 ఏళ్ల అమ్మమ్మ, క్రియాటినిన్ 1.2 అని కొట్టాను. కిడ్నీ పనితీరు 68 అని వచ్చింది. ప్రోగ్రాం ఎక్కడా తప్పు చూపలేదు. ఇక పంపేద్దామనుకుంటుండగా హెల్త్ క్లాసులో విన్నది గుర్తొచ్చింది. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. ఆడవాళ్లకు సగటున కండ తక్కువ. కాబట్టి అదే 1.2 వాళ్లలో ఎక్కువ నష్టానికి గుర్తు. వెనక్కి వెళ్లి చూస్తే, మగవాళ్ల స్థిరాంకం 0.9 అందరికీ పెట్టేశాను. ఆడవాళ్లకు అది 0.7. దిద్దితే 50! మూడు నెలలకు మించి 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. నా ప్రోగ్రాం అమ్మమ్మను రోగుల లెక్కలోంచే తీసేసింది. (అదే 1.2 పాతికేళ్ల కుర్రాడికైతే 86.)

కంప్యూటర్ మాత్రమే చదివి ఉంటే ఆ 68ని అనుమానించేదాన్ని కాదు. హెల్త్ మాత్రమే చదివి ఉంటే ప్రోగ్రాం విప్పి చూసేదాన్ని కాదు. మీ నాన్నగారికి ఈ అమ్మమ్మ కథ చెప్పు.

సోంపేట అమ్మాయి:
చెప్పానక్కా. నాన్న కాసేపు మాట్లాడలేదు. మా పెదనాన్నది డయాలసిస్ కేసే. తర్వాత ‘ఏ సబ్జెక్టు ముందు తీసుకోమన్నారు’ అని అడిగారు. బాబాయిగారూ, జూలైలో కాల్‌క్యులస్ లేకపోతే?

బొబ్బిలి బాబాయి:
ఉందో లేదో ఈ వారమే ఈమెయిలు పెట్టి కనుక్కో. లేకపోతే ప్రోగ్రామింగ్ తీసుకో, కాల్‌క్యులస్ ఫిబ్రవరిలో. జూలై ఇక్కడ చలికాలం, స్వెటరు చేతిసంచిలోనే ఉంచుకో. జీడిపప్పు తెస్తే విమానంలో ఇచ్చే కార్డులో తప్పకుండా రాయి. దాచావో, జరిమానా జీడిపప్పు ధరలా ఉండదు.