సర్వర్ మొరాయిస్తే ముందు రీస్టార్టా, లాగ్ చూడటమా?

సీతమ్మధార_ఆఫీసు: మాది పదిహేను సిస్టములున్న ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, వైజాగ్. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఉన్న విండోస్ సర్వర్ వారానికోసారి మొరాయిస్తోంది. మేనేజర్ గారు రీస్టార్ట్ కొట్టేయమంటారు. సర్వీసు అబ్బాయి తను వచ్చేదాకా ముట్టుకోవద్దంటాడు. ఎవరి మాట వినాలి?

గాజువాక_బాబు: రీస్టార్ట్. ఇందులో చర్చేముంది?

లాగ్_పురుగు: దయచేసి ఆగండి. ముందు విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే సిస్టమ్ లాగ్‌లో ఎర్ర గుర్తులు చూడండి. డిస్క్ పేరుతో 7వ నంబరు ఎర్రర్ కనిపిస్తే డిస్క్‌లో చెడిపోయిన చోటు (బ్యాడ్ బ్లాక్) ఉన్నట్టు. అప్పుడు తీయాల్సింది బ్యాకప్. కొన ఊపిరితో ఉన్న డిస్క్‌ని ఆపితే మళ్లీ లేవకపోవచ్చు. అది లేకపోతే సి డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడండి. పాత ఫైళ్లతో డ్రైవ్ నిండిపోతే రీస్టార్ట్ చేసినా తాత్కాలిక ఉపశమనమే.

లెక్కలమ్మ: 20వ తారీఖు సాయంత్రం ఎర్ర గుర్తులు వెతుక్కుంటూ కూర్చుంటే ఆ రోజుతో గడువైపోయే జీఎస్టీ 3బి రిటర్న్ ఎవరు వేస్తారండీ?

గాజువాక_బాబు: అదీ మాట. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తేడా కొట్టి 85 లక్షల విండోస్ సిస్టములు పడకేశాయి. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజ్యూర్‌లో వర్చువల్ మెషీన్లు (అద్దె కంప్యూటర్లు) ఉన్నవాళ్లని రీస్టార్ట్ చేస్తూ ఉండమని, 15 సార్ల దాకా పట్టవచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. వాళ్లకి లాగ్ చూడటం రాదా?

లాగ్_పురుగు: సగం చెప్పి వదిలేశారు. రీస్టార్ట్‌తో లేవని సిస్టములు చాలావాటిలో సేఫ్ మోడ్‌లోకి (అత్యవసరమైనవాటితోనే విండోస్ తెరిచే పద్ధతి) వెళ్లి సి-00000291తో మొదలయ్యే ఫైలు చెరపాల్సి వచ్చింది. ఏ ఫైలో తెలిశాకే కదా చెరిపారు?

మద్దిలపాలెం_టెక్: అసలు అందరూ రీస్టార్టే చేస్తున్నారా, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తున్నారా? ఆఫీసు డెస్క్‌టాప్‌లలో విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా కెర్నెల్‌ని (విండోస్ గుండెకాయ) డిస్క్‌లో దాచి, ఆన్ చేయగానే అదే తెచ్చిపెడుతుంది. పాత తలనొప్పి పాతదిగానే ఉంటుంది. రీస్టార్ట్ అయితేనే మొదటి నుంచి మొదలవుతుంది.

గాజువాక_బాబు: రెండూ ఒకటే.

మద్దిలపాలెం_టెక్: కాదు.

గాజువాక_బాబు: స్క్రీన్ నల్లబడుతుందా లేదా?

మద్దిలపాలెం_టెక్: టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద అప్ టైమ్ చూడండి. రోజూ షట్‌డౌన్ చేసినా అంకె పెరుగుతూనే ఉంటుంది.

సీతమ్మధార_ఆఫీసు: బాబూ, మాది సర్వరు. అసలు షట్‌డౌనే చేయం.

మద్దిలపాలెం_టెక్: తెలుసండీ. కానీ ఒకటే అన్నారు కదా, అందుకు.

డాబాగార్డెన్స్: బ్యాకప్ ఉందా? ఆ ఒక్కటి చెప్పండి చాలు.

లెక్కలమ్మ: లాగ్_పురుగు గారూ, మీలాంటి సర్వీసు ఆయనే మా పాత ఆఫీసుకి వచ్చేవారు. "ముట్టుకోకండి" అని ఫోన్ పెట్టేశారు. గడువు రోజు, రాత్రి పదకొండు దాటింది, మనిషి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు చిన్నదే. ఓనర్ దగ్గర మాట పడ్డది నేను. మర్నాడు ఆయన వచ్చి చేసిందేంటో తెలుసా? రీస్టార్ట్!

లాగ్_పురుగు: నా కథా వినండి. ఒక క్లయింట్ దగ్గర నాకు చెప్పకుండా మూడుసార్లు రీస్టార్ట్ చేశారు. నాలుగోసారి డిస్క్ లేవలేదు. లాగ్‌లో 7వ నంబరు ఎర్రర్లు పది రోజులుగా వరసగా ఉన్నాయి. ముట్టుకున్నవాళ్లు నోరెత్తలేదు, మూడు నెలల బిల్లు మాత్రం నాకు ఆపేశారు. పోయిన డేటాకి నేను జవాబుదారీ అయితే, ముట్టుకునే ముందు నన్ను అడగాలి.

లెక్కలమ్మ: మరి అడిగితే ఫోన్ ఎత్తాలి కదా!

లాగ్_పురుగు: ఏఎంసీలో (ఏడాది సర్వీసు ఒప్పందం) రాసింది పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు వరకు. రాత్రి ఎత్తితే ఎక్స్‌ట్రా ఇస్తారా?

లెక్కలమ్మ: అదేదో ముందే చెప్పొచ్చుగా! డబ్బుల మాటకి ఎర్ర గుర్తులు, బ్యాడ్ బ్లాకులు దేనికండీ?

లాగ్_పురుగు: అడిగితే ఓనర్లు వేరే కుర్రాణ్ణి తెచ్చుకుంటారమ్మా. వాడు రీస్టార్ట్ కొట్టి పోతాడు.

గాజువాక_బాబు: ఆ కుర్రాణ్ణి నేనేనండి 😄

సీతమ్మధార_ఆఫీసు: ఇప్పుడే లాగ్ చూశాను. 7 ఎక్కడా లేదు. సి డ్రైవ్‌లో 600 ఎంబీ మిగిలింది. బ్యాకప్ నాలుగు నెలల కిందటిది. ఏఎంసీ కాగితం వెతుకుతున్నాను, దొరకలేదు. ఈలోగా మేనేజర్ గారు రీస్టార్ట్ కొట్టేశారు.

డాబాగార్డెన్స్: పనిచేస్తోందా?

సీతమ్మధార_ఆఫీసు: చేస్తోందండీ.

లాగ్_పురుగు: వచ్చే వారం దాకా.