బెజవాడలో మొదటి ఫీచర్: అనమార్ఫిక్ లెన్సులు తీసుకోవాలా, మామూలు ప్రైమ్‌లు (జూమ్ లేని లెన్సులు) చాలా?

కృష్ణలంక_కెమెరా:
అన్నలూ, వేసవిలో మొదటి సినిమా మొదలుపెడుతున్నాను. కెమెరా అలెక్సా మినీ, అది ఖాయం. కథలో ఎక్కువ భాగం వన్‌టౌన్ సందులో ఒక పాత ఇంట్లో. మిగతాది గుంటూరు మిర్చి యార్డు, రాత్రి ప్రకాశం బ్యారేజీ. డైరెక్టర్‌కి అనమార్ఫిక్ (దృశ్యాన్ని అడ్డంగా నొక్కి, వెడల్పుగా పట్టే లెన్సులు) మీద మోజు. నిర్మాత ఒక్క లెన్స్ సెట్‌కే డబ్బులిస్తానంటున్నారు. అది హైదరాబాద్ నుంచి రావాలి, మధ్యలో మార్చుకోవడం కుదరదు. ఏం తెచ్చుకోమంటారు?

టి_స్టాప్:
తమ్ముడూ, ముందు టేపు తీసుకెళ్లి ఆ ఇంటి గదులు కొలువు. 2ఎక్స్ (అడ్డంగా రెండు రెట్లు నొక్కే) అనమార్ఫిక్‌లు చాలావాటికి కనీస ఫోకస్ దూరం 3 అడుగుల దగ్గర్లో ఉంటుంది. పదడుగుల గదిలో కెమెరా, ఆపరేటర్, లైటు పోగా ఆర్టిస్టుకి ఏం మిగులుతుంది? డయాప్టర్ (దగ్గరి ఫోకస్ కోసం లెన్స్ ముందు పెట్టే గ్లాస్) పెట్టుకోవచ్చు, కానీ ఆర్టిస్టు కాస్త వెనక్కి జరిగితే ఫోకస్ అందదు. ఒక లాభం లేకపోలేదు: 40 ఎం.ఎం. పెడితే అడ్డంగా 20 ఎం.ఎం. స్ఫెరికల్ (మామూలు లెన్స్) పట్టినంత పడుతుంది. 2.39 ఫ్రేమే (ఎత్తుకి 2.39 రెట్ల వెడల్పు) కావాలనుకుంటే స్ఫెరికల్‌లో తీసి పైన, కింద కోసుకోవచ్చు. బ్యారేజీ లైట్ల బొకే (ఫోకస్ బయట మసకగా కనిపించే చుక్కలు) గుడ్డు ఆకారంలో రాదు, అంతే తేడా. ఆ నాలుగు షాట్ల కోసం సినిమా అంతా ఇబ్బంది పడాలా?

షార్ప్_ఉంటే_చాలు:
షాట్‌లో ఫోకస్ తిప్పే ఫోకస్ పుల్లర్‌ని, నా గోడు వినండి. టి1.3 (టి అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ, ఫోకస్ లోతు తక్కువ) సూపర్ స్పీడ్ లెన్సులు తెచ్చారని డీఓపీలు (కెమెరామెన్) రోజంతా 1.3లోనే తీస్తారు. 85 ఎం.ఎం., 2 మీటర్ల దూరం, టి1.3 అంటే షార్ప్‌గా ఉండేది మూడు నాలుగు సెంటీమీటర్లు. కన్ను షార్ప్‌గా ఉంటే చెవి పోతుంది. అలెక్సా 800 ఐఎస్‌ఓలో (కాంతికి సెన్సర్ స్పందన) ఇంటి లోపల టి2.8 పెట్టినా లైటింగ్ పెద్ద కష్టం కాదండీ.

మిర్చిఘాటు:
యార్డు గురించి ఎవరూ చెప్పలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో 800 ఐఎస్‌ఓ, 1/50 షట్టర్, టి2.8 కావాలంటే 9 స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగం) తగ్గించాలి, అంటే ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ఫిల్టర్) 2.7. మామూలు ఎన్‌డీలు అంత పేరిస్తే నల్ల బట్టలు గోధుమ రంగులోకి తిరుగుతాయి, ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపే ఐఆర్ఎన్‌డీలే అడగండి. అక్కడ కాయల ఎరుపు కూడా గట్టిగా కొడుతుంది. ఫాల్స్ కలర్ (వెలుతురు స్థాయిని రంగుల్లో చూపేది) ఒక్కటే చూస్తే చాలదు, రెడ్ ఛానెల్ విడిగా చూసుకోండి. లెన్స్ మార్చాల్సివస్తే కారులో కూర్చుని మార్చండి. ఆ దుమ్ముకి దగ్గు ఆగదు, సెన్సర్ మీద పడితే ఇంకో తలనొప్పి.

పాతగ్లాస్:
నేనైతే కుక్ ఎస్4 లెన్సులు అంటాను. టి2, వన్‌టౌన్ గదులకి సరిపోతుంది. వేసవిలో మేకప్ ఎలాగూ కారిపోతుంది, మరీ పదునైన కొత్త లెన్సుల్లో ప్రతి చెమట చుక్కా కనిపిస్తుంది. అద్దె ఎక్కువనిపిస్తే జైస్ అల్ట్రా ప్రైమ్, టి1.9. కాంట్రాస్ట్ కొంచెం గట్టిగా ఉంటుంది, 1/8 ప్రో-మిస్ట్ (బొమ్మని మెత్తబరిచే ఫిల్టర్) వేసుకుంటే సరి. అయితే రాత్రి బ్యారేజీ దీపాల చుట్టూ కాంతి వలయాలు వస్తాయి, అప్పుడు తీసేయండి.

కృష్ణలంక_కెమెరా:
థాంక్స్ అన్నలూ. ఒక ఫ్రెండ్ తన స్టిల్ కెమెరా లెన్సులు ఊరికే ఇస్తానంటున్నాడు, ఈఎఫ్ మౌంట్ (కెనాన్ బిగింపు). రెంటల్ డబ్బు మిగులుతుందని నిర్మాత సంబరపడుతున్నారు.

షార్ప్_ఉంటే_చాలు:
బాబ్బాబు, వద్దు! స్టిల్ లెన్స్ రింగు కాస్త తిప్పితే చివరికొచ్చేస్తుంది. సినిమా లెన్సుకి 270, 300 డిగ్రీల దాకా తిరుగుడు ఉంటుంది, మార్కులు పెట్టుకోవడానికి చోటుంటుంది. పైగా చాలా స్టిల్ లెన్సులకి ఫోకస్ లాగుతుంటే ఫ్రేమే ఊపిరి తీసుకున్నట్టు కదులుతుంది. ఒక్కో లెన్స్ రంగు ఒక్కోలా ఉంటే డీఐలో (రంగులు సరిచేసే దశ) ఎవరు కూర్చుంటారు?

టి_స్టాప్:
ఎస్4 అయితే 18, 25, 32, 50, 75 చాలు. ఆ ఇంట్లో సగం సినిమా 25, 32 మీదే వెళ్లిపోతుంది. డైరెక్టర్‌ని ఆ గదికే తీసుకెళ్లి, అనమార్ఫిక్ ఒకటీ ఇది ఒకటీ పెట్టి టెస్ట్ చూపించు. వాదన అవసరం రాదు.

మిర్చిఘాటు:
ఇంకో మాట. లెన్స్ పెట్టెలు హోటల్ ఏసీ గదిలో పెట్టి, తెల్లారి నేరుగా లొకేషన్‌కి తేవొద్దు. బయటి తేమకి గ్లాస్ మసకబారుతుంది. షూట్‌కి అరగంట ముందే బయట పెట్టి, మూత తీయకుండా ఉంచమని అటెండెంట్‌కి చెప్పండి.