విమ్‌ట్యూటర్ ఒకే బిగిన చేయించాలా, రోజుకో పాఠమా? చేయించినవాళ్లు చెప్పండి

ల్యాబ్‌_మేడం
పాలిటెక్నిక్ రెండో ఏడాది పిల్లలకు లినక్స్ ల్యాబ్ చెప్తాను. ఈసారి టెక్స్ట్ ఎడిటర్ విమ్ కమాండ్లు బోర్డు మీద రాయడం మానేసి, టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ (విమ్‌తో పాటే వచ్చే అభ్యాస పాఠాలు) అని కొట్టించి వాళ్ల చేతే నేర్పించాలని ఉంది. ఏడు పాఠాలు, అరగంట చాలని అందులోనే రాసుంది. టెర్మినల్ ముఖం ఇప్పుడే చూస్తున్న పిల్లలకు అరగంట చాలదు. మధ్యలో బెల్ కొడితే చేసిందంతా పోతుందా? ఒకరు పాడుచేస్తే తర్వాతి బ్యాచ్‌కు పాడైన ఫైలే వస్తుందా?

షెల్‌_శీను
పాడవదు మేడం, ఆ భయం అక్కర్లేదు. విమ్‌ట్యూటర్ అనేది చిన్న షెల్ స్క్రిప్టు, అంటే కమాండ్లు వరసగా రాసిన టెక్స్టు ఫైలు. క్యాట్ కమాండ్‌తో చూస్తే మొత్తం కనిపిస్తుంది. అసలు పాఠం ఫైలు విమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. స్క్రిప్టు దానికి టెంపరరీ ఫోల్డర్‌లో ఒక కాపీ తీసి, ఆ కాపీనే విమ్‌లో తెరుస్తుంది. బయటికి రాగానే దాన్ని తుడిచేస్తుంది. ఎవరు ఎంత చెరిపినా తర్వాతివాళ్లకు కొత్త కాపీయే.

బెల్ కొడితే పోతుందా అన్నారు కదా, అలాగే వదిలేస్తే పోతుంది. అందుకని ముందే ఒక్కటి నేర్పండి: కోలన్, డబ్ల్యూ, ఖాళీ, తమ పేరుతో ఒక ఫైలు పేరు, ఎంటర్. ఆ పేరుతో ఇంకో కాపీ వాళ్ల ఫోల్డర్‌లో మిగులుతుంది. మర్నాడు దాన్ని మామూలుగా విమ్‌తో తెరిచి, ఆపిన చోటి నుంచి సాగించొచ్చు.

ఇంకోటి. ఉబుంటు 22.04లో ఆ స్క్రిప్టు విమ్‌ను మన సొంత సెట్టింగులు చదవకుండా తెరుస్తుంది. ఎవరైనా విమ్‌ఆర్‌సీ అనే తమ సెట్టింగుల ఫైలులో కీలు మార్చుకుని ఉన్నా పాఠం చెప్పినట్టే పనిచేస్తుంది. క్లాసులో అందరి స్క్రీనూ ఒకేలా ఉండటం మీకు పెద్ద సుఖం.

పెంగ్విన్‌_పిల్ల
అక్కా, ముందు మీ సిస్టమ్స్‌లో ఆ కమాండ్ ఉందో లేదో చూడండి. ఉబుంటు డెస్క్‌టాప్‌లో మొదట వచ్చేది విమ్ టైనీ, అంటే విమ్ చిన్న రూపం. వీఐ అని కొడితే ఎడిటర్ తెరుచుకుంటుంది, విమ్‌ట్యూటర్ అంటే కమాండ్ దొరకలేదంటుంది. సాఫ్ట్‌వేర్ పెట్టే ఆప్ట్ కమాండ్‌తో విమ్ ప్యాకేజీ పెడితే విమ్ రన్‌టైమ్ కూడా వస్తుంది, పాఠాలుండేది అందులోనే. ఫెడోరాలో అయితే విమ్ మినిమల్ కాదు, విమ్ ఎన్‌హాన్స్‌డ్ కావాలి. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ ఎడిటర్ వాడే పిల్లలుంటే లోపలికెళ్లి కోలన్ కొట్టి ట్యూటర్ అనాలి, మొదటి అక్షరం పెద్దది.

ఆపరేటర్‌_అన్న
నేను ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఏటా ఇదే చేయిస్తాను. ఒకే బిగిన చేయించొద్దు, రోజుకో పాఠం అని లెక్క కూడా పెట్టుకోవద్దు. పాఠాలన్నీ ఒకే బరువు కావు. మొదటిది కదలడం, చెరపడం, చేర్చడం, సేవ్ చేసి బయటపడటం, వేగంగా అయిపోతుంది. అసలు ప్రాణం రెండో పాఠంలో ఉంది. చెరిపే కమాండ్ డీ కొట్టి డబ్ల్యూ కొడితే తర్వాతి పదం మొదలయ్యేదాకా పోతుంది. డీ తర్వాత ఈ కొడితే ఈ పదం చివరిదాకా, డాలర్ గుర్తు కొడితే లైను చివరిదాకా. ముందు ఏం చేయాలో, వెనకాల ఎక్కడిదాకా చేయాలో. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందొచ్చి కర్మ తర్వాతొచ్చినట్టు.

ఇది తలకెక్కినవాడికి మూడో పాఠంలో సీ అనే మార్పు కమాండ్ రాగానే సీ ఈ, సీ డాలర్ వాడే ఊహించేస్తాడు. నేను నేర్పకముందే పిల్ల కీబోర్డు మీద వేలు పెట్టి చేసేస్తుంటే చూడటానికి ఎంత బాగుంటుందో! అందుకే రెండో పాఠం మీద ఒక పీరియడ్ మొత్తం పెట్టండి. దయచేసి బట్టీ పట్టించొద్దు. అది చదివే పాఠం కాదు. తప్పులున్న లైను ఇచ్చి, దాన్ని కింది లైనులా సరిచేయమంటుంది. చేయి కదిలితేనే వస్తుంది.

కొత్త_కోడర్
కర్సర్ కదపడానికి బాణం కీలు ఉండగా హెచ్ జే కే ఎల్ అక్షరాలు ఎందుకు సార్? మా సీనియర్లు బాణం కీ ముట్టుకుంటే కసురుతారు.

ఆపరేటర్‌_అన్న
కసరడం తప్పు తమ్ముడూ. బాణం కీలు పనిచేస్తాయి, ఆ మాట మొదటి పాఠంలోనే ఉంది. విమ్‌కు మూలమైన పాత ఎడిటర్ వీఐని బిల్ జాయ్ రాసినప్పుడు వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో వేరే బాణం కీలు లేవు, బాణం గుర్తులు ఆ నాలుగు అక్షరాల మీదే ముద్రించి ఉండేవి. అక్కడి నుంచి వచ్చిన అలవాటు. చేతులు మధ్య వరస నుంచి లేవవు కాబట్టి నిలబడింది. మొదటి వారం బాణాలే వాడుకో, పర్వాలేదు.

తెలుగు_టెర్మినల్
తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఆ ఇంగ్లీషు పేరాల దగ్గరే ఆగిపోతారు, అది నాకు బాధ. విమ్‌ట్యూటర్ పక్కన ఈఎస్ అని రాస్తే స్పానిష్‌లో, ఎఫ్‌ఆర్ అంటే ఫ్రెంచ్‌లో వస్తుంది. తెలుగు పాఠం మనమే రాయాలి. ఫైలు మామూలు టెక్స్టే, కాబట్టి రాయడం కష్టం కాదు. అభ్యాసం లైన్లు తయారుచేయడం దగ్గరే జాగ్రత్త కావాలి. విమ్‌లో అక్షరం చెరిపే ఎక్స్‌ను ‘కు’ మీద కొడితే అది మొత్తం పోతుంది, క్ష మీద కొడితే ముందు క్ పోయి ష మిగులుతుంది. పైగా తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే కమాండ్లు పడవు. అందుకే వివరణ తెలుగులో, సరిచేయాల్సిన లైన్లు ఇంగ్లీషులో ఉంచి రెండు పాఠాలు రాసి మా చెల్లి చేత చేయించాను. ఎక్కడా ఆగలేదు.

ల్యాబ్‌_మేడం
చాలా సంతోషం తమ్ముడూ, ఆ రెండు పాఠాలూ పెట్టండి, మా పిల్లలకు ఇస్తాను. రెండో పాఠానికి పూర్తి పీరియడ్ ఖాయం. ఇంకో సందేహం: మా ల్యాబ్‌లో అందరిదీ సర్వర్ మీద ఒకే లాగిన్. ఇబ్బందా?

షెల్‌_శీను
ట్యూటర్ కాపీలు వేరువేరుగానే వస్తాయి మేడం. ఐదో పాఠంలో మాత్రం ఇబ్బంది. అక్కడ టెస్ట్ అనే పేరుతో ఫైలు రాయమంటుంది, అది పిల్లలున్న ఫోల్డర్‌లో పడుతుంది. మొదటి పిల్ల రాశాక రెండో పిల్లకు ఫైలు ముందే ఉందని విమ్ ఆపేస్తుంది. కాసేపటికి ఒకరు పాఠం చెప్పినట్టు దాన్ని తుడిస్తే, ఇంకొకరు వెతుక్కుంటారు. మొదటి రోజే తలా ఒక ఫోల్డర్ చేయించి, సీడీ కొట్టి అందులోకి వెళ్లాకే విమ్‌ట్యూటర్ మొదలుపెట్టించండి.