పెళ్లి కార్డులు ఇంట్లో చేసుకుంటే నిజంగా చవకా?

నీలిసిరా: మాకు వంద కార్డులు కావాలి. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంది. అన్నీ మనమే చేసుకుంటే డబ్బు కలిసొస్తుందని నేను, ప్రెస్‌కిస్తేనే చవకని ఇంట్లోవాళ్లు. మీరేమంటారు?

అట్టముక్క: ఇంట్లోవాళ్ల మాటే నిజం. అందరూ కాగితం లెక్కేస్తారు, ఇంకు లెక్క వదిలేస్తారు. కార్డు నిండా ముదురు రంగు పరిచారంటే కార్ట్రిడ్జ్ ఇట్టే అయిపోతుంది. నీటిలో కరిగే రంగుతో చేసిన డై ఇంకయితే నీటి చుక్క పడ్డా అక్షరాలు అలుక్కుపోతాయి. అంచులు వంకరపోయిన కార్డు చేతికిస్తే చూడ్డానికీ బాగుండదు.

సన్నగీత: అట్టముక్క గారూ, అది డిజైన్‌తో వచ్చిన ఖర్చండీ. తెల్ల అట్ట, నల్ల అక్షరాలు, మూలన చిన్న బొమ్మ చాలు. ఇంకు పెద్దగా ఖర్చవదు, చూపుకీ హుందాగా ఉంటుంది.

నీలిసిరా గారూ, ఏ4 షీటులో ఏ6 కార్డులు (105 x 148 మి.మీ.) సరిగ్గా నాలుగు వస్తాయి, ముక్క వృథా కాదు. వందకి 25 షీట్లు, పాడయ్యేవాటికి ఇంకో మూడు నాలుగు. ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములన్న లెక్క) అట్ట పడుతుందో ప్రింటర్ మాన్యువల్లో చూశాకే కొనండి. వెనక ట్రే ఉంటే అందులోంచే పెట్టండి. అడుగు ట్రే అయితే చాలా ప్రింటర్లలో అట్ట రోలర్ చుట్టూ వంగి రావాలి, అక్కడే ఇరుక్కుంటుంది.

కత్తెర జోలికి పోకండి. స్టీలు స్కేలు ఆనించి కట్టర్‌తో రెండు మూడుసార్లు తేలిగ్గా గీయండి. ఒకేసారి గట్టిగా నొక్కితే స్కేలు జారుతుంది, వంకర వచ్చేది అందుకే.

అట్టముక్క: వంద వరకు ఒప్పుకుంటాను. వెయ్యి కార్డులైతే ఇంట్లో కూర్చుని ఎవరు కోస్తారు? ప్రెస్‌లో ప్లేట్లు చేసి అచ్చేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే. సంఖ్య పెరిగేకొద్దీ కార్డు ధర పడిపోతుంది.

సన్నగీత: ఆ లెక్కే తిరగేసి చూడండి. వందకే ప్లేట్లు చేయిస్తే ఒక్కో కార్డు మీద ఎంత పడుతుంది?

నీలిసిరా: మడత కార్డు చేయొచ్చా?

సన్నగీత: చేయొచ్చు. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో ముందు గీత నొక్కి, ఆ గీత మీద మడవండి. నొక్కకుండా మడిస్తే మందపాటి అట్ట పగులుతుంది.

అట్టముక్క: ప్రింట్ మాత్రం బయట డిజిటల్ లేజర్‌లో తీయించి, కోత, మడత ఇంట్లో చేసుకోండి. నీటికి చెదరదు, ప్లేట్లూ అక్కర్లేదు. ఫైల్ పీడీఎఫ్‌లో ఇవ్వండి, లేకపోతే వాళ్ల కంప్యూటర్లో మీ ఫాంట్ లేక ఒత్తులు విడిపోతాయి. ఏ6 కార్డుకి సీ6 కవరు సరిపోతుంది.