నడుం బెల్టులు కొనడమా, సరుకు పేర్చే పద్ధతి మార్చడమా?

స్టోర్స్_ఇన్‌ఛార్జ్:
మాది విడిభాగాల గోడౌన్. కార్టన్ ఒక్కోటి 18 నుంచి 20 కిలోలుంటుంది. అలవాటైన చేతులకు అదో బరువే కాదు. అయినా ఈమధ్య ఒకరి తర్వాత ఒకరికి నడుం పట్టేస్తోంది. మొన్న ఒకతనికి కలుక్కుమంది. అదీ బరువైన పెట్టె ఎత్తుతూ కాదు, సరుకు పేర్చే చెక్క ప్యాలెట్ అవతలి మూలన అడుగు వరసలో మిగిలిన కార్టన్‌ను వంగి అందుకుంటూ. ‘మోకాళ్ళు వంచి ఎత్తండి’ అని గోడల నిండా బొమ్మలు అంటించాం, ట్రైనింగ్ కూడా అయింది. ఇప్పుడు మేనేజ్‌మెంట్ అందరికీ నడుం బెల్టులు కొనిస్తామంటోంది. పనికొస్తాయా?

ట్రాలీ_బాబాయ్:
కొంటే కొనండి గానీ, బెల్టు బిగించగానే కొందరికి ఎక్కడలేని ధైర్యం వచ్చేస్తుంది. ఒక పెట్టె ఎత్తేవాడు రెండు ఎత్తుతాడు. అది చూసుకోండి.

పాత_లోడర్:
ఇన్‌ఛార్జ్ గారూ, మీరు చెప్పిన ఆ అవతలి మూలలోనే ఉంది అసలు సంగతి. నేను చాలాకాలం లోడింగ్‌లో చేసి ఇప్పుడు సేఫ్టీ చూస్తున్నాను. పెట్టె ఎన్ని కిలోలని అందరూ అడుగుతారు. ఒంటికి ఎంత దూరంలో ఉందని ఎవరూ అడగరు.

వెన్నుని పట్టి ఉంచే కండరాలు వెన్నెముకకు కొద్ది సెంటీమీటర్ల వెనకే ఉంటాయి. బరువేమో ముందు చేతుల్లో ఉంటుంది. అది ఎంత ముందుకు జరిగితే ఆ కండరాలు అంత గట్టిగా లాగాలి, ఆ ఒత్తిడంతా వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద పడుతుంది. అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థకి దీనికో లెక్క ఉంది. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు 25 సెంటీమీటర్ల దూరంలో, 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, ఒళ్ళు తిప్పకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తితే, ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. దూరం 50 సెంటీమీటర్లయితే అది సగానికి, పదకొండున్నరకి పడిపోతుంది. పెట్టె దాదాపు నేలమీదే ఉంటే ఇంకా తగ్గి 9 కిలోల దరిదాపులకొస్తుంది. మీవాళ్ళు ఆ మూలనుంచి లాగుతున్నది 20. పైగా పక్కకి తిరిగి లాగుతుంటే చెప్పేదేముంది!

ఇక మోకాళ్ళ బొమ్మ. చిన్న పెట్టె అయితే రెండు మోకాళ్ళ మధ్య పడుతుంది, ఆ బొమ్మ నిజమే. వెడల్పాటి కార్టన్ అయితే మోకాళ్ళే అడ్డం వచ్చి పెట్టె మరింత ముందుకు పోతుంది. కూర్చుని లేచినా నడుముకి ఒరిగేదేం లేదు. ట్రైనింగ్ ఒక్కదానితో నడుం నొప్పులు తగ్గవని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి బెల్టులు దెబ్బ తగలకుండా ఆపుతాయనడానికి తగిన ఆధారం లేదని నియోషే 1994లో చెప్పింది.

బెల్టుల డబ్బు వేరేచోట పెట్టించండి. ప్యాలెట్‌ని గోడకి ఆనించొద్దు, నాలుగువైపులా మనిషి తిరిగే చోటుంచండి. అవతలి పెట్టె కావాలంటే అవతలికి వెళ్ళే తీసుకోవాలి. కింద రెండు మూడు ఖాళీ ప్యాలెట్లు వేస్తే అడుగు వరస మోకాలి ఎత్తుకి వస్తుంది. ఎక్కువ కదిలే సరుకు మోకాళ్ళకీ భుజాలకీ మధ్య అరల్లో పెట్టండి, నెలకోసారి తీసేది పైకో కిందకో పోనివ్వండి. తప్పనిసరిగా లోపలి కార్టన్ తీయాల్సొస్తే గాల్లోకి లేపొద్దు. దగ్గరి మూల పట్టుకుని అంచుదాకా జరుపుకుని, పొట్టకి ఆనించుకున్నాకే ఎత్తాలి. తిరగాల్సొస్తే పాదాలు తిప్పాలి, నడుం కాదు.

స్టోర్స్_ఇన్‌ఛార్జ్:
ఖాళీ ప్యాలెట్లు బయట గుట్టగా పడున్నాయి, రేపే వేయిస్తాను. ఇంకో మాట. మావాళ్ళకి ఎక్కువగా పొద్దున షిఫ్ట్ మొదట్లోనే పట్టేస్తోంది. ఒళ్ళు వేడెక్కక అనుకోవచ్చా?

ఫిజియో_అక్క:
అదొక్కటే కాదండీ. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే లేవగానే నడుం బిగుసుకున్నట్టుంటుంది, అప్పుడు వంగితే డిస్కు మీద ఒత్తిడి మామూలుకన్నా బాగా ఎక్కువ. నిలబడి తిరుగుతుంటే కాసేపటికి సర్దుకుంటుంది. షిఫ్ట్ మొదట్లో లేబుళ్ళు, లెక్క సరిచూడటం లాంటివి ఇచ్చి, నేలమీంచి ఎత్తే పని తర్వాతకి జరపండి.

పట్టేసినవాళ్ళని రోజుల తరబడి మంచం మీద ఉండమనకండి. నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు మెల్లగా తిరగడమే మంచిది. బరువు పని మాత్రం కొన్నాళ్ళు వద్దు. కాలు బలం తగ్గినా, కూర్చునే భాగంలో తిమ్మిరి వచ్చినా, మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా మాత్రం షిఫ్ట్ అయ్యేదాకా ఆగకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ట్రాలీ_బాబాయ్:
ట్రాలీ ఉంటే లాగొద్దు, నెట్టమనండి. చక్రాలకి చుట్టుకున్న ప్లాస్టిక్ తాళ్ళు కూడా కోయించండి. సగం బరువు అక్కడే ఉంటుంది.