నిజామా, నైజామా?

నారాయణగూడ నాన్న: నిన్న ఇంట్లో కొత్త సినిమా కలెక్షన్ల మాట వచ్చింది. తెలంగాణ ఏరియాను సినిమా వాళ్లు నైజాం అంటారు కదా. "నైజాంలో ఇంత, సీడెడ్‌లో ఇంత" అని మా తమ్ముడు ఫోన్లో చూసి చదువుతుంటే, ఏడో తరగతి చదివే మా అమ్మాయి "బాబాయ్, అది నిజాం కదా, తప్పు పడింది" అంది. అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, డౌటు నన్నే పట్టుకుంది. రెండూ ఒకటేనా? "వాడి నైజం అంతే" అంటామే, ఆ నైజానికీ దీనికీ చుట్టరికం ఏమైనా ఉందా?

మలక్‌పేట మాస్టారు: చుట్టరికం లేదండీ. నైజం సంస్కృతం. నిజ అంటే తనది, సొంతం. శివ నుంచి శైవం వచ్చినట్టే నిజ నుంచి నైజం, అంటే సొంత గుణం. నిజాం అరబ్బీ మాట. క్రమం, ఏర్పాటు, ఒక పద్ధతిలో పెట్టడం అని అర్థం. నూన్, జోయ్, మీమ్ అనే మూడక్షరాలు దాని వేరు. "పెండ్లిల ఇంతజాం మంచిగ చేసిండ్రు" అంటారే, ఆ ఇంతజాం కూడా ఆ వేరుకు పుట్టిందే. ఉర్దూలో కవితను నజ్మ్ అంటారు, అదీ ఇదే ఇంటిది. వేరులో ఉన్న భావం ముత్యాలను దారానికి గుచ్చడం. పత్తర్‌గట్టీలో దండలు గుచ్చేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొస్తుంది.

పంపిణీ ఆఫీసు తమ్ముడు: మాస్టారూ, కోర్టులో నాజరు అంటారు. అదీ ఇందులోదేనా?

మలక్‌పేట మాస్టారు: కాదు బాబూ. అది నజర్ నుంచి వచ్చింది, చూపు అని. చెవికి దగ్గరగా ఉంది, పుట్టుక వేరు. నాజిమ్ అను, అంటే ఏర్పాట్లు చూసేవాడు, అప్పుడు ఒప్పుకుంటాను.

మెహదీపట్నం అక్క: మాట సంగతి మాస్టారు చెప్పేశారు, మనిషి సంగతి నేను చెప్తాను. చాలామంది నిజాం అంటే రాజు పేరనో వంశం పేరనో అనుకుంటారు. అది బిరుదు. ఆయన పేరు మీర్ కమరుద్దీన్, పుట్టింది 1671లో. తాత ఖ్వాజా ఆబిద్ మధ్య ఆసియా నుంచి వచ్చి మొఘల్ కొలువులో చేరాడు, 1687లో గోల్కొండ ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి పోయాడు. సమాధి కిస్మత్‌పూర్‌లో ఉంది. మనవడికి ఔరంగజేబు చిన్ కిలిచ్ ఖాన్ అని బిరుదిచ్చాడు. కిలిచ్ అంటే తుర్కీలో కత్తి. 1713లో ఫరూఖ్‌సియర్ పాదుషా నిజాం-ఉల్-ముల్క్ అని ఇంకోటి ఇచ్చి దక్కనుకు సుబేదారుగా, అంటే పాదుషా తరఫున ఏలే అధికారిగా పంపాడు. రాజ్యాన్ని క్రమంలో పెట్టేవాడు అన్నమాట. 1725లో ముహమ్మద్ షా ఇచ్చింది ఆసఫ్ జా. ఆసఫ్ సులేమాన్ ప్రవక్త గారి మంత్రి, జా అంటే హోదా. నాకు ఇక్కడే నవ్వొస్తుంది. రెండు వందల ఏళ్లకు పైగా ఏలిన వంశానికి మిగిలిన పేరు కూడా మంత్రిగారి హోదాయే. పాదుషా అని గానీ షా అని గానీ పెట్టుకోలేదు. కుతుబ్ షాలు షా అని పెట్టుకున్నారు, ఈయన పెట్టుకోలేదు. ఢిల్లీ పేరు చెప్తూనే సొంతంగా ఏలుకున్నాడు.

ఆ సొంతంగా ఏలడం 1724తో మొదలు. అక్టోబరు 11న బేరార్‌లో షకర్ ఖేడా అనే ఊరి దగ్గర, అప్పటి హైదరాబాద్ సుబేదారు ముబారిజ్ ఖాన్‌తో యుద్ధం జరిగింది. ముబారిజ్ ఖాన్ అందులోనే చచ్చిపోయాడు. గెలిచిన గుర్తుగా ఆ ఊరికి ఫతేఖేర్డా అని పేరు మార్చారు. ఇప్పుడది మహారాష్ట్రలో బుల్ధానా జిల్లా. అక్కడివాళ్లు సాఖర్‌ఖేర్డా అనే అంటారు, కొత్త పేరు నోటికి అంటలేదు. మన హైదరాబాదు చుట్టూ కోటగోడ మొదలుపెట్టించింది ఆ ముబారిజ్ ఖానే. పూర్తి చేయించింది ఆయన్ను ఓడించిన ఆసఫ్ జా. ఆ గోడ దర్వాజాల్లో దబీర్‌పురా, పురానాపూల్ రెండే మిగిలాయి.

జనగామ అన్న: అక్కా, మా దిక్కు సర్వాయి పాపన్న నిజాంను ఎదిరించిండని చెప్తరు. మరి ఈ లెక్కన?

మెహదీపట్నం అక్క: పాపన్న కథ 1710కల్లా ముగిసిపోయింది అన్నా. అప్పటికి నిజాం-ఉల్-ముల్క్ అనే బిరుదు కమరుద్దీన్‌కు రానేలేదు. పాపన్న ఎదిరించింది మొఘల్ సుబేదారులను. మన నోట్లో నిజాం అంటే ఈ గడ్డను ఏలిన నవాబులందరికీ ఒకటే పేరు అయిపోయింది. మొన్న ఒక ఆటో ఆయన చార్మినార్ కూడా నిజామే కట్టించిండు అన్నాడు. 1591లో ఎక్కడి నిజాం! కులీ కుతుబ్ షా వింటే ఊరుకోడు.

ఇంకో తమాషా. ఏడుగురు నిజాంలు అని లెక్క చెప్తాం. మొదటి ఆసఫ్ జా 1748లో పోయాక నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ వరసగా గద్దెనెక్కారు. ఆ ముగ్గురినీ లెక్కలోంచి తీసేసి తరవాతి నిజాం అలీ ఖాన్‌ను రెండో నిజాం అంటాం. రాజధాని ఔరంగాబాద్ నుంచి ఇక్కడికి మారింది ఆయన హయాంలోనే.

జనగామ అన్న: ముల్క్ అంటున్నరు గద, మన ముల్కీ, గైర్ ముల్కీ గొడవల ముల్క్ అదేనా?

మెహదీపట్నం అక్క: అదే. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే దేశంవాడు, గైర్ ముల్కీ అంటే బయటివాడు. 1952లో పిల్లలు రోడ్డెక్కింది ఆ మాట మీదే.

గుంటూరు కోడలు (కూకట్‌పల్లి): అసలు ప్రశ్న పక్కకు పోయింది. ఆ నై ఎక్కడిది? మా తాతయ్య హైదరాబాద్ రైలెక్కేటప్పుడు "నైజాం పోతున్నా" అనేవాడు. ఏదో వేరే దేశం పోతున్నట్టు.

మలక్‌పేట మాస్టారు: నా ఊహ చెప్తాను, ఊహగానే తీసుకోండి. నైజం, శైవం, వైదేహి లాంటి మాటలకు అలవాటుపడ్డ తెలుగు నోరు, "నిజాంకు సంబంధించినది" అనడానికి ఇకారాన్ని ఐకారం చేసుకుని ఉంటుంది. వ్యాకరణంలో దీన్ని వృద్ధి అంటారు.

గుంటూరు కోడలు: అరబ్బీ మాటకు సంస్కృతం వృద్ధి చేశామంటే ఎట్లా మాస్టారూ? మా తాతయ్యకు సంధులే రావు, తద్ధితాలు ఎక్కడ వస్తాయి! ఎట్లా వచ్చినా, దాన్ని వాడే తీరు మాత్రం తెలుస్తూనే ఉంది. నిజాం కాలేజీ అంటాం, నిజాంసాగర్ అంటాం, నిజామాబాద్ అంటాం. వీటిలో ఎక్కడా నై పెట్టం. నేల గురించి చెప్పేటప్పుడే నైజాం. "నైజాం నవాబు" అన్నా, నైజాం అనే దేశపు నవాబనే కదా.

మలక్‌పేట మాస్టారు: ఇది బాగుందమ్మా. నా వృద్ధి వెనక్కి తీసుకుంటున్నాను, సగం.

పంపిణీ ఆఫీసు తమ్ముడు: మా ఆఫీసులో అయితే నిజాం అని రాస్తే క్లర్కు కొట్టేసి నైజాం చేస్తాడు. సీడెడ్ కూడా ఇదే ఇంటి గొడవ. 1800లో రెండో నిజాం బళ్లారి, కడప వైపు తాలూకాలు ఇంగ్లీషు వాళ్లకు రాసిచ్చాడు. వదిలేసుకున్న నేల అని వాళ్లు పెట్టిన పేరు. దత్త మండలం అని తెలుగులో కూడా రాశారు. ఆ మాట వినలేకే 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు. మా లెడ్జర్లలో మాత్రం ఇంకా సీడెడే.

నారాయణగూడ నాన్న: అందరికీ థ్యాంక్స్. ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. నైజాం అనడం తప్పు కాదని ఒప్పుకుంది. ఇప్పుడు తన పుస్తకంలో "అసఫ్ జాహీ" అని ఉంది, అక్క "ఆసఫ్" అని రాశారు, ఏది కరెక్టు అంటోంది.

మెహదీపట్నం అక్క: దీర్ఘమే. ఉర్దూలో అలిఫ్ అనే అక్షరం మీద మద్ అనే దీర్ఘం గుర్తు ఉంటుంది. ఆసిఫ్‌నగర్, ఆసిఫాబాద్ అని రాసేటప్పుడు ఎవరూ దీర్ఘం మర్చిపోరు, వంశం పేరు దగ్గరికి వచ్చేసరికి మింగేస్తారు. పుస్తకంలో పెన్సిల్‌తో దిద్దుకోమను.