అప్‌డేట్: పెటాయావెసి చెక్క చర్చి చూసొచ్చాం

ఫిన్లాండ్‌లోని యువాస్కులా ఊరి దాకా వచ్చాం, పక్కనే ఉన్న పెటాయావెసి పాత చర్చికి వెళ్లాలా వద్దా, లోపల చూడ్డానికి ఏముంటుంది అని పోయిన వారం అడిగాను కదా. వెళ్లొచ్చాం. తప్పకుండా చూడండి!

1763–65లో యాకో లెప్పానెన్ అనే ఊరి మేస్త్రి దుంగలతో కట్టిన చర్చి అది, గంట గోపురం మాత్రం 1821లో ఆయన మనవడు ఎర్కి కట్టాడు. లోపల గోడలకు రంగు లేదు, ఒట్టి చెక్కే, చేత్తో తడిమితే దుంగల మీద ఎత్తుపల్లాలు తెలుస్తాయి. పైకి చూస్తే చెక్క గుమ్మటం, దాని మీద ఎర్రమట్టి రంగుతో వేసిన నగిషీలు. నన్ను కట్టిపడేసింది మాత్రం ప్రసంగ వేదిక. దాని అడుగున చెక్కతో చెక్కిన సెయింట్ క్రిస్టోఫర్ ఆ బరువంతా మోస్తూ నిలబడి ఉంటాడు, మా అమ్మాయి ఆయన ముందు నుంచి కదలనంది.

1879లో ఊళ్లో కొత్త చర్చి వచ్చాక దీన్ని వదిలేశారట, అందుకే లోపల పెద్దగా ఎవరూ మార్చలేదు, నాకైతే అదే అదృష్టం అనిపించింది. 1994లో యునెస్కో జాబితాలో చేరింది. హీటింగ్ లేదు, వేసవిలోనే వెళ్లండి, స్వెట్టర్ మర్చిపోవద్దు. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.